ఎముక అతికింది, మంట ఆరలేదు

విశాఖపట్నంలోని గోపాలపట్నం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 47. ఇంటి ముందు గదిలో పదహారేళ్లుగా జాకెట్లు కుడుతున్నారు. షుగర్ ఉంది, మాత్రలతో నెట్టుకొస్తున్నారు; మూడు నెలల సగటు ఈమధ్య 7.6 వచ్చింది. ఆగస్టులో ఒక శ్రావణ శుక్రవారం, కడిగిన మెట్ల మీద జారి కుడి అరచెయ్యి మోపి పడ్డారు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని ఆరు వారాలు పిండికట్టు వేశారు. రెండో వారంలోనే కట్టు బిగుసుకుపోతోందని, వేళ్లు ఉబ్బుతున్నాయని చెప్పారట. కొత్తలో అలాగే ఉంటుందని పంపేశారట.

"కట్టు విప్పాకే అసలు బాధ మొదలైంది" అంటారావిడ. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా కారం రాసినట్టు మంట. ఒకరోజు చెయ్యి ఎర్రగా వేడిగా ఉంటుంది, ఇంకోరోజు నీలంగా చల్లగా. ఎడమ చెయ్యి పొడిగా ఉన్నప్పుడు కూడా కుడి అరచెయ్యి చెమటతో తడిసిపోతుంది. ఫ్యాను గాలి తగిలినా, చీర కొంగు రాసుకున్నా ఓర్చుకోలేరు. గోళ్లు గరుకుతేలాయి, పిడికిలి బిగియదు. తడి తువ్వాలు చుట్టుకుని, కొంగు చాటున గుండెకి ఆనించుకుంటే తప్ప నిద్ర పట్టదు. "ఒక్కోసారి ఆ చెయ్యి నాది కాదేమో అనిపిస్తుంది" అని కూడా రాశారు.

ఎక్స్‌రే చూసి ఎముక బాగానే అతికిందన్నారు. అది విన్న దగ్గర్నుంచి భర్తకి అనుమానం: అతికితే ఇంకా నొప్పేంటి? ఫిజియోథెరపీకి వెళ్తే మణికట్టు పట్టుకుని బలంగా వంచారు. రెండు రోజులు చెయ్యి బూరెలా పొంగింది, మళ్లీ ఆ గడప తొక్కలేదు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ 75 రాత్రిపూట వేసుకుంటే తల తిరిగిందని ఐదో రోజు మానేశారు. నవంబర్‌లో నొప్పి వైద్యుడొకరు చూసి సీఆర్‌పీఎస్ అని రాసి, మెడలో ఇంజెక్షన్ మూడు విడతలు చేయాలన్నారు. అత్తగారు దిష్టి అంటున్నారు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకున్నారు. వదిన నాటు వైద్యుడి దగ్గర నూనె మర్దనా చేయించి మళ్లీ కట్టు కట్టిద్దామంటోంది. మాఘంలో కూతురి పెళ్లి.

అడిగినవి ఇవి: ఇది నా మనసులోంచి పుట్టిందా? తగ్గుతుందా? మెడలో ఇంజెక్షన్ చేయించుకోనా? మళ్లీ కట్టు కట్టించుకోనా? షాపు మూసేయనా? ఉత్తరమంతా కూతురు రాసింది. చివరి వాక్యం మాత్రం ఆవిడే ఎడమ చేత్తో రాసినట్టున్నారు, అక్షరాలు వేరు: "ఈ చెయ్యి తీసేసినా బాగుండును."

*

అమ్మా, ఆ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. చెయ్యి తీసేస్తే ఈ మంట పోదు. ఈ జబ్బులో చెయ్యో కాలో తీయించుకున్నవాళ్లలో మిగిలిన మొండి భాగానికి మళ్లీ ఇదే నొప్పి వచ్చినవాళ్లున్నారు, లేని చేతిలో నొప్పి పడ్డవాళ్లున్నారు. మంట పుడుతున్నది ఒక్క చర్మంలోనో ఎముకలోనో కాదు గనక. ఇక ఆ మాట చేతి దగ్గర ఆగకుండా, అసలు నేనే లేకపోతే అనే దాకా వెళ్తోందంటే మాత్రం 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ నిద్ర లేకుండా నొప్పి పడే మనిషికి అలాంటి ఆలోచన రావడం వింతేం కాదు, సిగ్గుపడాల్సింది అంతకంటే కాదు.

మీ నొప్పి మనసులోంచి పుట్టింది కాదు. ఉత్తరం చూసి జబ్బు నిర్ధారించడం ఎవరివల్లా కాదు గానీ, మీరు రాసిన లక్షణాలు మీ వైద్యుడు రాసిన పేరుకి బాగా సరిపోతున్నాయి. సీఆర్‌పీఎస్ అంటే కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. 1994లో పెట్టిన పేరు, జబ్బు మాత్రం పాతది. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గుండ్లకి నరాలు దెబ్బతిన్న సైనికుల్ని చూసిన వీర్ మిచెల్ అనే వైద్యుడు 1864లోనే దీన్ని వర్ణించాడు. ఆ సైనికులు మండే చేతికి ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకుని ఉండేవారట, చెయ్యి ఆరితే ఓర్చుకోలేకపోయేవారట. మీ తడి తువ్వాలు లాగే. నూట అరవై ఏళ్ల కింద ఏ పరిచయమూ లేని మనుషులు పడ్డ బాధే మీరూ పడుతున్నారంటే, ఇది మీరు కల్పించుకున్నది ఎలా అవుతుంది? ఈ ఒక్క ముక్క మీ ఆయనకి చదివి వినిపించండి.

ఎక్స్‌రే సంగతి. అది ఎముకని చూపిస్తుంది, నరం ఎలా పనిచేస్తోందో చూపించదు. కాబట్టి 'ఎముక అతికింది', 'చెయ్యి మండుతోంది' అనే రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. దెబ్బ తగిలినప్పుడు నరాలు మెదడుకి హెచ్చరిక పంపుతాయి, చోటు వాస్తుంది, ఎర్రబడుతుంది; గాయం మానగానే అదంతా సద్దుమణగాలి. కొందరిలో సద్దుమణగదు. చేతిలోని సన్నని నరాల కొసలు వాపు పుట్టించే రసాయనాలు వదులుతూనే ఉంటాయి. రక్తనాళాలనీ చెమటనీ నడిపే నరాలు అదుపు తప్పుతాయి. అందుకే ఎరుపు, నీలం, వేడి, చలువ, చెమట. వెన్నుపాము, మెదడు కూడా ఆ హెచ్చరికకి అలవాటుపడి చిన్న తాకిడిని పెద్ద దెబ్బగా చదువుతాయి. మెదడులో మీ కుడి చేతికి ఉండే పటం కూడా చెదురుతుంది. "నాది కాదేమో" అని మీరు రాసింది సరిగ్గా ఇదే, చాలామంది చెప్పే మాటే.

దీన్ని తేల్చడానికి ప్రత్యేకమైన రక్తపరీక్ష ఏదీ లేదు. 2003లో బుడాపెస్ట్‌లో కూర్చుని నిపుణులు ఒక కొలబద్ద తయారుచేశారు, ఇప్పుడు లోకమంతా దాన్నే వాడుతోంది. దెబ్బకి మించిన నొప్పి ఉండాలి. ఆపైన నాలుగు గుంపుల్లో మూడింటి లక్షణాలు రోగి చెప్పాలి, రెండైనా వైద్యుడి కళ్ల ముందు కనబడాలి. తాకితే ఓర్చుకోలేకపోవడం ఒక గుంపు. రంగులో, వేడిలో తేడా రెండోది. వాపు, చెమట మూడోది. కదలిక తగ్గడం, వణుకు, గోళ్లూ వెంట్రుకలూ చర్మమూ మారడం నాలుగోది. మీ ఉత్తరంలో నాలుగూ ఉన్నాయి. చివరి షరతు అన్నిటికంటే ముఖ్యం: దీన్ని ఇంతకంటే బాగా వివరించే జబ్బు ఇంకోటి ఉండకూడదు.

అందుకని ఇంజెక్షన్ గురించి ఆలోచించే ముందు మీ వైద్యుణ్ని రెండు మూడు విషయాలు సూటిగా అడగండి. మణికట్టు దగ్గర నరం నలుగుతోందా? షుగర్ ఉన్నవాళ్లలో, ఆ ఎముక విరిగినవాళ్లలో ఇది మామూలే. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే హాయిగా ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. నరాల పరీక్షలో తెలుస్తుంది, దానికి వైద్యం వేరు. చెయ్యి పొడుగునా వాచి బరువెక్కితే నరాల సంగతి కాక రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. జ్వరం, చీము, ఒకేచోట పెరుగుతూపోయే ఎరుపు ఉంటే ఇన్‌ఫెక్షన్. అది మర్నాటికి వాయిదా వేసే పని కాదు. కొత్త ఎక్స్‌రేలో ఎముక మచ్చలు మచ్చలుగా పలచబడినట్టు కనిపించిందంటే కంగారు పడకండి. 1900లో సూడెక్ అనే జర్మన్ సర్జన్ గమనించిన సంగతే అది, ఈ జబ్బులో మామూలే. ఖరీదైన స్కాన్లు తీయించుకుంటేనే వైద్యం మొదలవుతుందని మాత్రం అనుకోకండి.

తగ్గుతుందా అన్నారు. చాలామందికి మొదటి ఏడాదిలోనే బాగా తగ్గుతుంది. కొందరికి కొంత బిగుతు, చలికి నొప్పి మిగిలిపోతాయి. కొద్దిమందికి ఏళ్ల తరబడి సాగుతుంది. ఎవరిది ఏ దారో ముందే చెప్పలేం. మీకు కట్టు విప్పి రెండు నెలలు దాటింది, అంటే ఆలస్యమేం కాలేదు. మీ చేతిలో ఉన్నదల్లా చేతిని దాచకుండా, హింసించకుండా, కొలత ప్రకారం వాడుకోవడం. మాత్రలైనా ఇంజెక్షనైనా ఆ వాడకానికి వెసులుబాటు ఇవ్వడానికే.

కొలత మీకు ఒకరు నేర్పక్కర్లేదు. టేపు తీసుకోండి. ప్రతి ఆదివారం పొద్దున్న, పని మొదలుపెట్టకముందు, రెండు చేతులకీ రెండు చోట్ల చుట్టుకొలత తీయండి: నాలుగు వేళ్ల మొదళ్ల మీదుగా ఒకటి, మణికట్టు ఎముక గుబ్బ మీదుగా ఒకటి. టేపు తాకితే నొప్పి అంటారా, పలచని గుడ్డ మీదుగా తీయండి, వదులుగా, ప్రతిసారీ ఒకేలా. తర్వాత పిడికిలి బిగించబోయి మధ్యవేలి కొస అరచేతి గీతకి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగిందో స్కేలుతో చూడండి. ఈ అంకెలన్నీ మీ ఆర్డర్ల పుస్తకంలోనే చివరి పేజీలో రాయండి. నొప్పి రోజుకో మాట చెబుతుంది, టేపు చెప్పదు. నొప్పి అలాగే ఉన్నా వాపు సెంటీమీటరు తగ్గి పిడికిలి రెండు సెంటీమీటర్లు దగ్గరికొచ్చిందంటే దారి సరైనదే.

ఇక స్పర్శ. తాకితే మండే చర్మాన్ని తాకకుండా ఉంచితే దాని భయం పెరుగుతుంది, ఒక్కసారే రుద్దితే అగ్గి రాజుకుంటుంది. మెత్తని దాంతో మొదలుపెట్టి గరుకుకి పోవాలి. ఆస్పత్రుల్లో దీనికోసం రకరకాల గుడ్డముక్కల పెట్టె పెడతారు. మీ మిషను కింద బుట్టలోనే అది ఉంది. శాటిన్, సిల్కు, మల్లు, లైనింగు కాటను, ఖాదీ, తువ్వాలు గుడ్డ, ఆఖర్న గోనె, ఈ వరసలో పేర్చుకోండి. మంట లేని చోట, మోచేతి కింద మొదలుపెట్టి మెల్లగా మణికట్టు వైపు రండి. ఒక్కో విడత ఐదు నిమిషాలు, రోజుకి నాలుగైదు విడతలు. చేతిని చూస్తూ చేయాలి, ముందు ఎడమ చేతి మీద అదే గుడ్డ అదే చోట రాసి 'ఇది శాటిన్' అని మెదడుకి గుర్తుచేసి అప్పుడు కుడిచేతి మీద రాయాలి. రెండు మూడు రోజులు ఒక గుడ్డకి అలవాటు పడ్డాక తర్వాతి గుడ్డ. కాటను దాకా వచ్చాక బేసిన్‌లో చోళ్లు (రాగులు) పోసి చెయ్యి ముంచి ఆడించండి, తర్వాత బియ్యం, ఆ తర్వాత శనగలు. బీచి నుంచి ఇసుక తెచ్చుకోవచ్చా అంటే తెచ్చుకోవచ్చు, కడిగి ఎండబెట్టి. షుగర్ ఉన్న చేతికి చిన్న గీరుపడినా మానడం ఆలస్యం కాబట్టి గవ్వముక్కలు ఏరేయండి.

అద్దం గురించి విన్నారో లేదో. మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, తెగిపోయిన చేతిలో నొప్పి పుడుతున్నవాళ్ల కోసం కనిపెట్టిన చిట్కా ఇది. తర్వాత మీ జబ్బుకీ వాడడం మొదలుపెట్టారు. అయితే నేరుగా అద్దం ముందు కూర్చోకండి, దానికి ముందు రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు: మీ అమ్మాయి చేత ఇంట్లోవాళ్ల చేతుల ఫొటోలు రకరకాల కోణాల్లో ఓ నలభై తీయించండి. ఫోనులో ఒక్కొక్కటీ చూసి అది కుడా ఎడమా అని వెంటనే చెప్పాలి. మొదట్లో కుడిచేతి ఫొటోల దగ్గర తడబడతారు, ఆశ్చర్యపోకండి, చెదిరిన పటం తాలూకు తడబాటే అది. పదింటికి ఎనిమిది సరిగ్గా, ఒక్కోటి రెండు సెకన్లలో చెప్పగలిగితే రెండో మెట్టు: కళ్లు మూసుకుని ఆ ఫొటోలో ఉన్నట్టు నా కుడిచెయ్యి తిరిగింది అని ఊహించుకోవడం, చెయ్యి కదపకుండా. మూడో మెట్టు అద్దం. ఒక్కో మెట్టుకి సుమారు రెండు వారాలు.

అద్దానికి అడుగున్నర పొడుగుది చాలు. బల్ల మీద మీ ఛాతీ మధ్యకి ఎదురుగా, రెండు చేతుల మధ్య అడ్డుగోడలా నిలువుగా నిలబెట్టి, మెరిసే వైపు ఎడమకి తిప్పండి. కుడిచెయ్యి అద్దం వెనక దాగాలి. ఎడమ చేతి గాజులూ ఉంగరాలూ తీసేయండి, లేదంటే అద్దంలో కనిపించేది మీ కుడిచెయ్యి అని మెదడు నమ్మదు. కాస్త ఎడమకి ఒరిగి అద్దంలోకి చూడండి. మొదటి రెండు రోజులు కదపకుండా ఊరికే చూడడమే, రెండు మూడు నిమిషాలు. తర్వాత ఎడమ చేతి వేళ్లు మెల్లగా చాపడం, ముడవడం. ఆ తర్వాత వెనక ఉన్న కుడిచెయ్యీ చేతనైనంత కలవాలి. ఐదు నిమిషాలకి మించొద్దు, రోజుకి ఎన్నిసార్లైనా పర్లేదు. తల తిరిగినా, చూడగానే మంట ఎగసినా ఆపి ఒక మెట్టు దిగండి. ఎక్కువమంది ఇక్కడే ఓపిక లేక ఎగిరి దూకుతారు, అద్దం పనిచేయలేదంటారు.

పని ఎంత చేయాలో దానికీ లెక్కుంది. కత్తెర పట్టుకోవడమే తీసుకోండి. మూడు రోజులు గడియారం చూసుకోండి, ఎన్నో నిమిషానికి మంట లేస్తోందో. ఆరు, ఎనిమిది, నాలుగు అనుకుందాం. సగటు ఆరు. అందులో ముప్పాతిక వంతు, అంటే నాలుగున్నర నిమిషాలు మీ హద్దు. చెయ్యి బాగున్న రోజైనా నాలుగున్నరకే కత్తెర కింద పెట్టాలి, బాగోలేని రోజు కూడా వీలైనంత చేయాలి. వారానికి పదోవంతు పెంచండి. బాగున్న రోజున ఊపు మీద గంటసేపు కత్తిరించి, మర్నాటి నుంచి మూడు రోజులు ముట్టుకోకపోవడం, మళ్లీ బాగున్న రోజు కోసం ఎదురుచూడడం: ఈ జబ్బులో అందరూ పడే గుంట ఇది. పని చేశాక మంట కొంచెం లేచి రాత్రికల్లా పాత స్థాయికి దిగితే ఫరవాలేదు. మర్నాడు పొద్దుటికీ దిగలేదంటే నిన్న ఎక్కువైందన్నమాట, సగానికి తగ్గించండి.

ఎముక బరువు తట్టుకుంటుందని వైద్యుడు చెప్పాక రెండు ఇంటిపనులు వైద్యంగా పనికొస్తాయి. ఒకటి, బల్ల మీద బ్రష్షు అదిమిపట్టి ముందుకీ వెనక్కీ రుద్దడం, మూడు నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు. రెండు, చిన్న సంచిలో పావుకిలో ఉప్పు వేసుకుని చెయ్యి వేలాడేసి ఇంట్లో తిరగడం, మెల్లగా బరువు పెంచడం. కీలు తిరగక్కర్లేకుండానే చేతి మీద భారం పడుతుంది కాబట్టి బిగుసుకున్న మణికట్టుకి ఇవి అనువు. మొదటి రోజుల్లో కాస్త వాపు పెరిగినట్టు అనిపించవచ్చు.

కొంగు చాటున దాచుకునే అలవాటు మానాలి. షుగర్ ఉన్నవాళ్లు చెయ్యి గుండెకి అతికించుకుని నెలలు గడిపితే భుజం కూడా పట్టేస్తుంది, అప్పుడు రెండు జబ్బులు. గోడ మీద వేళ్లతో పాకిస్తూ రోజుకి పదిసార్లు చెయ్యి పైకి తీసుకెళ్లండి. రాత్రి చేతిని దిండు మీద గుండె ఎత్తులో పెట్టుకోండి. తడి తువ్వాలు ఒక్కసారిగా మానమని అనను, గంటకో పావుగంట చొప్పున తగ్గించండి. ఐసు మాత్రం వద్దే వద్దు, ఈ చేతికి రక్తనాళాలు సరిగా స్పందించవు. గోరువెచ్చని నీళ్లు హాయిగా ఉంటే మంచిదే, కానీ వేడి చూడాల్సింది ఎడమ చేత్తో. కుడిచెయ్యి చెప్పే వేడిని ఇప్పుడు నమ్మకూడదు. రక్తపరీక్షకీ, బీపీకీ ఎడమ చెయ్యే ఇవ్వండి.

ఫిజియోథెరపీకి మళ్లీ వెళ్లాలి, తప్పదు. బలవంతంగా వంచించుకోవడానికి కాదు. "సీఆర్‌పీఎస్ ఉన్న చెయ్యి, నేను కదుపుతాను, మీరు పట్టుకుని వంచొద్దు, మంట పెరిగితే ఆపుతాను" అని మొదటి రోజే చెప్పండి. సరే అన్నవారి దగ్గర ఉండండి. నొప్పి లేస్తే గానీ కీలు రాదనేవారు విరిగిన మోకాలికి పనికొస్తారేమో, మీ చేతికి పనికిరారు. ప్రైవేటుగా రోజూ వెళ్లడం భారమైతే ప్రభుత్వ ఆస్పత్రులైన కేజీహెచ్‌లోనో, హనుమంతవాక దగ్గర విమ్స్‌లోనో ఓపీలో చూపించుకుని, వారానికోసారి వెళ్లి మిగతాది ఇంట్లో చేసుకున్నా నడుస్తుంది. ఈ వైద్యంలో ముప్పాతిక వంతు ఇంట్లోదే.

వదినగారి సలహా. నూనె రాసుకోవడంలో తప్పు లేదు, మీ చేత్తో మీరే, గుడ్డముక్కల బదులు అన్నట్టు. ఇంకొకరు కూర్చుని మర్దనా చేస్తే ఫిజియో దగ్గర జరిగిందే మళ్లీ జరుగుతుంది. కట్టు మాత్రం నేను ఖచ్చితంగా వద్దంటాను. ఎముక అతికాక మళ్లీ కట్టడానికి కారణమే లేదు, కదలిక ఆపడమే ఈ జబ్బుకి మేత. మీరు అడిగినవాటిలో 'ఇది చేయకండి' అని నేను చెప్పేది ఈ ఒక్కటే, మిగతావన్నీ మీరు బేరీజు వేసుకోవాల్సినవి.

మందులు. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు, నెలల తరబడి వాడితే షుగర్ ఉన్న కిడ్నీకి చేటు. ప్రీగాబాలిన్ ఐదు రోజులకే మానేశారు. దాని గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తల తిరగడం చాలామందికి మొదటి వారం పది రోజుల్లోనే తగ్గుతుంది. ఇంకా తక్కువ మోతాదుతో, పడుకునే ముందు మొదలుపెట్టవచ్చేమో అడగండి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూపించి మరీ అడగండి, కిడ్నీని బట్టి మోతాదు మారుతుంది. కొన్ని వారాలు వాడాక టక్కున ఆపకూడదు, మెల్లగా దించాలి. కాళ్ల వాపు, బరువు పెరగడం ఉంటాయి. రెండో దారి అమిట్రిప్టిలిన్, రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలు. నిద్ర కూడా పడుతుంది, నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. కంట్లో నీటికాసులు గానీ గుండె జబ్బు గానీ ఉంటే ముందే చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రలు కొద్ది వారాలు ఇవ్వడం తొలి నెలల్లో కొందరికి బాగా పనిచేస్తుంది. మీకు అది రెండంచుల కత్తి, షుగర్ ఎగబాకుతుంది. ఇస్తానంటే, షుగర్ మందు ఎంత పెంచాలో, రోజుకి ఎన్నిసార్లు చూసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. ఎముకలకి వాడే బిస్‌ఫాస్ఫొనేట్ మందులు కూడా కొందరికి ఈ నొప్పి తగ్గించవచ్చు, తొలి దశలో మరీను. దానికి ముందు కాల్షియం, విటమిన్ డి, కిడ్నీ, పళ్లు చూపించుకోవాలి. విటమిన్ సి గురించి ఎవరో చెప్పారన్నారు: మణికట్టు విరిగిన రోజు నుంచి 50 రోజులు, రోజుకి 500 మిల్లీగ్రాములు వేసుకుంటే ఈ జబ్బు రాకుండా కొంత కాపాడుతుందేమో అన్నది దాని సంగతి. వచ్చాక తగ్గించదు.

ఇప్పుడు మెడలో ఇంజెక్షన్. పేరు వింటే భయమేస్తుంది. మెడ ముందు పక్కన స్టెలేట్ గాంగ్లియన్ అని ఒక నరాల ముడి ఉంది. చేతి రక్తనాళాలకీ చెమటకీ వెళ్లే నరాలు దాని మీదుగా పోతాయి. అల్ట్రాసౌండ్‌లో గానీ ఎక్స్‌రే తెర మీద గానీ చూస్తూ దాని పక్కన మత్తుమందు వేస్తారు. పడినట్టు గుర్తు: ఆ వైపు కనురెప్ప వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, చెయ్యి వెచ్చబడుతుంది. గొంతు బొంగురుపోవచ్చు. కొన్ని గంటల్లో అన్నీ సర్దుకుంటాయి. గొంతు బాగయ్యేదాకా నీళ్లు తాగొద్దు, పొలమారుతుంది. మందు రక్తనాళంలోకి పోయి ఫిట్స్ రావడం, ఊపిరితిత్తికి గుచ్చుకోవడం లాంటివి అరుదు, లేకపోలేదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే తప్పక చెప్పాలి.

చేయించుకుంటే ఏమొస్తుంది? కొందరికి గంటలు, కొందరికి వారాలు ఉపశమనం, కొందరికి ఏమీ ఉండదు. జబ్బుని తుడిచేసే ఇంజెక్షన్ కాదిది. ఆ వెసులుబాటు రోజుల్లో చెయ్యి కదిలించుకుంటే లాభం, ఇంటికెళ్లి పడుకుంటే డబ్బు పోయినట్టే. నన్నడిగితే, ముందు ఆరు వారాలు పైన చెప్పిన వ్యాయామం, సరైన మోతాదులో మందు వాడి చూస్తే మీరు పోగొట్టుకునేది తక్కువ. ఆ ఆరు వారాల్లో మీ టేపు అంకెలు కదలకపోతే ఇంజెక్షన్‌కి వెళ్లండి; మంట వల్ల గుడ్డముక్క కూడా తాకించలేకపోతుంటే అంతదాకా కూడా ఆగక్కర్లేదు. వెళ్లేముందు మూడు మాటలు అడగండి: తెర మీద చూస్తూ చేస్తారా? మొదటి రెండింటికీ గుణం లేకపోతే మూడోది ఆపేస్తారా? ఇంజెక్షన్ అయిన రోజే ఫిజియో ఉంటుందా? మూడు విడతలకీ ముందే డబ్బు కట్టమంటే మాత్రం ఒక్కోటీ విడిగా కడతాననండి. వెన్నుపాము దగ్గర పెట్టే కరెంటు పరికరం గురించి ఎవరైనా చెబితే, అది చాలా ఖరీదు, అన్నీ విఫలమైనవారికి. మీకిప్పుడు దాని మాట అనవసరం.

షాపు. మూసేస్తే కుడిచెయ్యికి రోజుకి పది రకాలుగా కదిలే అవకాశమే పోతుంది, ఆదాయంతో పాటు. తెరిచి పెళ్లిళ్ల ఆర్డర్లన్నీ తీసుకుంటే రాత్రి పదకొండు దాకా కత్తెర పడుతుంది, రెండో వారానికే చెయ్యి పొంగుతుంది. మధ్యదారిలో మీకు నచ్చనిది ఒకటుంది: కటింగ్ ఇంకొకరి చేతికి ఇవ్వడం. కటింగే మీ షాపు పేరు అని తెలుసు. అయినా కొలత తీసుకోవడం, మార్కింగ్ మీరు చేసి, కత్తిరించడానికి ఒక అమ్మాయిని రెండు మూడు నెలలు పెట్టుకుంటే డిజైను మీదే, చెయ్యి మాత్రం వాళ్లది. ఫాల్, హుక్కులు, కాజాలు మీరు పెట్టుకోండి, నాలుగున్నర నిమిషాల లెక్కలో. సూదిపని వేళ్లకి మంచి వ్యాయామం. మిషనుకి మోటారు లేకపోతే పెట్టించండి, కుడిచేత్తో చక్రం తిప్పే పని తప్పుతుంది. కొత్త ఆర్డర్లకి గడువు రెట్టింపు చెప్పండి. ఇబ్బందిపడి వెళ్లిపోయేవారు కొందరుంటారు, వెళ్లనివ్వండి.

అత్తగారి మొక్కు సంగతి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట క్యూ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఆ తోపులాటలో ఎవరి మోచేయి తగిలినా రెండు రోజులు వెనక్కి పోతారు. గురువారం కాకుండా వేరే రోజు, తెల్లవారుజామున వెళ్లండి. కుడివైపు మీ అమ్మాయిని నడవమనండి. ఆవిడతో మొక్కు గురించి వాదన పెట్టుకోకండి. ఆవిడకి ఒక పని అప్పగించండి: ఫొటోలు చూపించి కుడా ఎడమా అని అడిగే పని ఆవిడదే.

కుడిచేతికి గాజులు వేసుకోవడం లేదని ఇంట్లో మాట అంటున్నారని రాశారు. వాపున్నన్నాళ్లూ గాజు గానీ ఉంగరం గానీ వద్దు. చెయ్యి ఉబ్బితే కోసి తీయాల్సొస్తుంది. మాఘానికి టేపు రెండు చేతుల మధ్య అర సెంటీమీటరు తేడా కంటే ఎక్కువ చూపించకపోతే, మీ సైజు కంటే ఒక సైజు పెద్దవి, రెండే, మట్టిగాజులు కాకుండా నునుపైన మెటల్ గాజులు, తలంబ్రాల సమయానికి వేసుకుని తర్వాత తీసేయండి. ఆ రోజుకి ముందు వారం నుంచీ రోజుకి పది నిమిషాలు వేసుకుని అలవాటు చేసుకోండి, శాటిన్ గుడ్డకి అలవాటు చేసుకున్నట్టే.